పిలవని మెసేజ్‌కు గిరాకీ రాదు

బతుకమ్మకు ఇంకా మూడు వారాలుంది. సిరిసిల్ల బీవై నగర్‌లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు సందుల్లోంచి రోడ్డు మీదికి వినిపిస్తోంది. షెడ్డుకు ఆనుకున్న ముందు గదిలో చీరల కట్టలు, గోడకు తెల్ల బెడ్‌షీటు, దాని ముందు రింగ్‌లైటు, స్టాండుకు బిగించిన ఫోను. చెల్లె కొంగు పరిచి పట్టుకుంటే అన్న వీడియో తీస్తున్నాడు. ఆన్‌లైన్ దుకాణం తెరిచి పది రోజులైనా కాలేదు. చూస్తున్నవాళ్లు వందమంది, కొన్నవాళ్లు నలుగురు, ఆ నలుగురూ చుట్టాలే. అంతలో వచ్చిన దోస్తు తన ఫోనులో ఓ ఫైలు తెరిచాడు. ‘‘అన్నా, పదివేల నంబర్లున్నయ్. సిరిసిల్ల, వేములవాడ, కరీంనగర్, జగిత్యాల... అన్నీ మన దిక్కువే. ఒక్కసారి అందరికీ కొట్టినవంటే పండుగలోపు మాలంతా ఒడిసిపోతది.’’ అన్న చూపు చీరల కట్టల మీదికి, అక్కడి నుంచి ఫోను మీదికి పోయింది. నూలుకు తెచ్చిన అప్పుంది. పండుగ దాటితే ఈ డిజైన్‌ను అడిగేవాళ్లుండరు.

ఈ దృశ్యం ఏ ఒక్క ఇంటిదో కాదు. సిరిసిల్లలో చీరలు, జగిత్యాలలో మామిడిపండ్లు, కోరుట్లలో పసుపు, సకినాలు, తొక్కులు అమ్ముకోవాలని ఫోనులోనే దుకాణం తెరిచినవారిలో చాలామందికి తొలి నెలల్లో ఎదురయ్యే ఘట్టం. అప్పు తెచ్చి మాలు పెట్టినవారి ఆత్రం అర్థం కానిది కాదు. కానీ ఆ పదివేల నంబర్లకు మెసేజ్ కొడితే ఏమవుతుందో వారికి చెప్పేవారు తక్కువ. చట్టం ఊరుకోదన్నది సగం మాటే. చిన్న ఊరి వ్యాపారికి మనుషుల నమ్మకమే మొదటి పెట్టుబడి. అది ఒక్క సాయంత్రంలో ఖర్చయిపోతుంది. అడిగి పంపిన వంద మెసేజ్‌లు దుకాణాన్ని నిలబెట్టినట్టు, అడగకుండా పంపిన పదివేలు నిలబెట్టలేవు. చట్టాలు కోరుతున్నదీ, ఈ ప్రాంతపు వ్యాపార అనుభవం చెబుతున్నదీ ఇక్కడ ఒకటే.

ఒకే కొనుగోలుదారు ఉంటే...

సిరిసిల్లకు సొంత గిరాకీ ఎంత అవసరమో గత పదేళ్ల చరిత్రే చెబుతుంది. పాతిక వేలకు పైగా మరమగ్గాలున్న ఊరు ఇది. సేట్లు ఇచ్చే నూలుకు కూలి లెక్కన నేసే ఆసాములు, వారి దగ్గర పనిచేసే కార్మికులు, వార్పిన్ వాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు, ఇలా ఊరు ఊరంతా సాంచాల మీదే బతుకుతుంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల పథకం మొదలుపెట్టి ఏటా కోటి దాకా చీరలు నేయించింది. పని కోసం మహారాష్ట్రలోని భివండికి బస్సెక్కే అవసరం కొంత తగ్గింది. ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది. 2024 మొదట్లో ఆర్డర్లు లేక సాంచాలు ఆగిపోయి కార్మికులు రోడ్డెక్కారు. తర్వాత స్వయం సహాయక సంఘాల మహిళలకు చీరలంటూ మళ్లీ ఆర్డర్లు వచ్చాయి. కానీ కొనేవాడు ఒక్కడే అయితే, ఆ ఒక్కడి నిర్ణయం మారిన రోజున ఊరి పొయ్యి ఆరుతుందని అందరికీ తెలిసిపోయింది. నేసిన చీరను నేరుగా కట్టుకునేవారికి అమ్మాలన్న కోరిక అక్కడినుంచి బలపడింది.

జగిత్యాల, కోరుట్ల కథ కొంచెం వేరు. జగిత్యాల పక్కనే ఉన్న చల్‌గల్ మామిడి మార్కెట్ నుంచి లారీల్లో ఉత్తరాదికి సరుకు పోతుంది. కోరుట్ల, మెట్‌పల్లి పొలాల్లో పండే పసుపును ఉడకబెట్టి, ఆరబెట్టి, మార్కెట్‌కు తోలితే, ధర చెప్పేది కొనేవాడే. పండించినవారి పేరు ఏ ప్యాకెట్ మీదా ఉండదు. రైతు బిడ్డ ఒకరు పసుపు పట్టించి అరకిలో ప్యాకెట్లు కట్టి ఫోనులో అమ్మబోవడం ఆ పేరు లేనితనం మీద తిరుగుబాటే. కోరుట్లలో బీడీలు చుట్టి ఇల్లు నడిపిన ఆడవాళ్ల ఇళ్లల్లో తర్వాతి తరం వేరే ఆదాయం వెతుక్కుంటోంది. పైగా 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం బీడీకి ప్రకటన ఇవ్వడమే నేరం. కనుక ఆ ఇంట్లో కొత్తగా పెట్టే దుకాణం సకినాలదో, గరిజెలదో, చీరలదో అవుతుంది. ఈ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన వేలాది కుటుంబాలు వీరికి సిద్ధంగా ఉన్న గిరాకీ. ఇంత మంచి ప్రయత్నం మొదటి అడుగులోనే తప్పుదారి పడితే నష్టం ఆ ఒక్క దుకాణానికే కాదు, ఊరి పేరుకు కూడా.

చట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చింది

అడగని ప్రకటనల గొడవ ఇవాళ్టిది కాదు. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి, ఇంటర్నెట్‌కు తల్లి అనదగిన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి కంప్యూటర్ల ప్రకటన పంపాడు. తొలి స్పాం మెయిల్‌గా దాన్నే చెబుతారు. మన దేశంలో ఈ బాధ ఎక్కువగా ఫోనులోనే. అందుకే మన కట్టడి కూడా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేతుల్లోంచే వచ్చింది. 2007లో ‘కాల్ చేయొద్దు’ అని చెప్పుకునే రిజిస్టర్, 2010లో కొత్త నిబంధనలు వచ్చాయి, 2018లో ఇప్పుడున్న వ్యవస్థకు పునాది పడింది. దీని ప్రకారం వ్యాపార ఎస్సెమ్మెస్‌లు పంపాలనుకునే ఏ సంస్థ అయినా టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఏ పేరుతో పంపుతారో ఆ హెడర్‌ను, ఏ మాటలు పంపుతారో ఆ నమూనాను ముందే చూపించి ఆమోదం పొందాలి. 2021 మార్చి 8న ఈ వడపోతను ఒక్కసారిగా అమలు చేసినప్పుడు దేశమంతా బ్యాంకుల ఓటీపీలు ఆగిపోయి గందరగోళమైంది. ట్రాయ్ కొన్నాళ్లు వెనక్కి తగ్గి మళ్లీ బిగించింది. 2024 అక్టోబర్ 1 నుంచి ముందుగా నమోదు చేయని లింకులున్న మెసేజ్‌లను దారిలోనే ఆపేస్తున్నారు.

ఈమెయిల్‌కు మాత్రం మన దగ్గర అమెరికాలో ఉన్నట్టు ప్రత్యేకమైన స్పాం నిరోధక చట్టం లేదు. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌లో చికాకు పెట్టే మెయిళ్ల ప్రస్తావన ఉండేది. భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని ఆ సెక్షన్ మొత్తాన్నీ సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయితే ఆ ఖాళీని మెయిల్ సంస్థలే నింపాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్దమొత్తంలో మెయిళ్లు పంపేవారికి షరతులు పెట్టాయి. వద్దనుకున్నవారు ఒక్క నొక్కుతో బయటపడే వీలుండాలి, స్పాం అని ఫిర్యాదు చేసేవారి శాతం 0.3 దాటకూడదు. వెయ్యిలో ముగ్గురు చిరాకుపడితే చాలు, మిగతా 997 మందికి పోవాల్సిన మెయిల్ కూడా చెత్తబుట్టకే పోయే ప్రమాదముంది.

> మెసేజ్ చివరి అక్షరం చూడండి
> ట్రాయ్ 2025లో చేసిన సవరణ తర్వాత వ్యాపార ఎస్సెమ్మెస్ పంపిన పేరు చివర ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటుంది.
> పి ఉంటే ప్రచారం. ఎస్ ఉంటే సేవకు సంబంధించిన సమాచారం. టి ఉంటే ఓటీపీ లాంటి లావాదేవీ. జి ఉంటే ప్రభుత్వం.
> ప్రచార కాల్స్ 140తో, బ్యాంకుల వంటి సంస్థల సేవా కాల్స్ 1600తో మొదలవుతాయి. మామూలు పది అంకెల నంబరుతో ప్రచారం చేయడం నిబంధనలకు విరుద్ధం.
> ఫిర్యాదుకు, ‘వద్దు’ అని నమోదు చేసుకోవడానికి నంబరు 1909.

దెబ్బ ముందు తగిలేది చిన్నవాడికే

‘‘పెద్ద పెద్ద కంపెనీలు పొద్దున లేస్తే పది మెసేజ్‌లు కొడతయ్. వాళ్లనేం చేయని చట్టం మా మీదికే వస్తదా?’’ అని అడగడం సహజం. ఈ ప్రశ్నలో న్యాయముంది. కానీ పెద్ద కంపెనీ నమోదు చేసుకున్న హెడర్‌తో పంపుతుంది. ఒక హెడర్ ఆగితే ఇంకోటి పెట్టుకునే స్తోమత, నోటీసుకు జవాబు రాసే వకీలు దానికుంటారు. బీవై నగర్ అన్న పంపేది సొంత సిమ్ నుంచి. అదే నంబరు మీద సేటుతో మాట్లాడతాడు, కొరియర్ వాడికి ఇంటి గుర్తులు చెబుతాడు, గిరాకీకి చీర రంగు చెబుతాడు.

2025 ఫిబ్రవరిలో ట్రాయ్ తెచ్చిన సవరణ సరిగ్గా ఇలాంటి నమోదు కాని నంబర్ల మీదికే గురిపెట్టింది. ఇంతకు ముందు వారం రోజుల్లో పది ఫిర్యాదులొస్తే కదిలేవారు. ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. మెసేజ్ అందిన ఏడు రోజుల దాకా ఫిర్యాదు చేయవచ్చు. టెలికాం కంపెనీ ఐదు రోజుల్లో చర్య తీసుకోవాలి. అసలు ‘వద్దు’ జాబితాలో పేరు లేనివారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. తప్పు తేలితే మొదటిసారి 15 రోజులపాటు ఆ వ్యక్తి నంబర్ల నుంచి బయటికి కాల్స్, మెసేజ్‌లు బంద్. మళ్లీ చేస్తే అన్ని కంపెనీల దగ్గరా ఏడాదిపాటు సేవలు నిలిపేసి బ్లాక్‌లిస్టులో పెడతారు. ఆ 15 రోజులను బతుకమ్మ, దసరా రోజుల మీద పరిచి చూడండి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, ముందు వారం అమ్మకాలు, అంతా అందులోనే అయిపోతుంది. పదివేల మందిలో ఐదుగురు చిరాకుపడితే సీజను పోతుంది.

కొన్న నంబర్ల జాబితాకు ఇంకో ముప్పుంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. వ్యాపారుల మీద ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. మనిషి ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికని స్పష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలని ఆ చట్టం అంటుంది. ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో కూడా చదువుకునే వీలుండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే దారి ఉండాలి. రీచార్జి కోసం దుకాణంలో రాయించిన నంబరు, ఫంక్షన్ హాల్ రిజిస్టర్‌లో రాసిన నంబరు చేతులు మారి చీరల ప్రకటనకు చేరితే, ఆ నంబరున్న ఆడమనిషి దానికి ఎక్కడా ఒప్పుకోలేదు. రాత్రిపూట తెలియని నంబరు నుంచి మెసేజ్ వస్తే ఆమె మొదట అనుకునేది ‘నా నంబరు వీళ్లకెట్ల దొరికింది?’ అని. చీర ఎంత బాగుందో చూసే దశకు ఆమె రానే రాదు.

ఈ ప్రాంతంలో ఆ భయానికి కారణాలున్నాయి. విదేశీ ఉద్యోగమని నమ్మి పోయి కంబోడియాలో సైబర్ మోసాల ముఠాల చేతికి చిక్కిన తెలంగాణ యువకుల గోడు 2024లో బయటపడింది. సిరిసిల్ల ప్రాంతపు కుటుంబాలూ అందులో ఉన్నాయి. గల్ఫ్ వీసా పేరిట, లాటరీ పేరిట, బ్యాంకు కేవైసీ పేరిట వచ్చిన లింకులు నొక్కి సొమ్ము పోగొట్టుకున్నవాళ్ల కథలు ఊరూరా వినబడతాయి. ఇలాంటి చోట తెలియని నంబరు నుంచి వచ్చే లింకు, అది నిజమైన చీరల దుకాణానిదే అయినా, దొంగ లింకు పక్కనే కూర్చుంటుంది. నిజాయతీగా అమ్మేవారు తమను తాము మోసగాళ్ల వరుసలో నిలబెట్టుకోవడం ఎంత బాధాకరం!

వాట్సాప్‌లో చట్టం చేయి పెట్టదా?

‘‘మేం ఎస్సెమ్మెస్ కొట్టం, వాట్సాప్‌లోనే పెడతం’’ అనేవారే ఎక్కువ. ట్రాయ్ నిబంధనలు వాట్సాప్ మెసేజ్‌ల దాకా రావన్నది నిజమే. కానీ వాట్సాప్‌కు దాని నియమాలున్నాయి. వ్యాపారులు ముందుగా సమ్మతి తీసుకున్నవారికే పంపాలన్నది అందులో మొదటిది. అవతలివారు బ్లాక్ చేసినా, రిపోర్ట్ కొట్టినా ఆ లెక్క ఖాతా మీద పడుతుంది. 2021 ఐటీ నిబంధనల కింద వాట్సాప్ ప్రచురించే నెలవారీ నివేదికల్లో మన దేశంలో నిషేధించిన ఖాతాలు నెలకు లక్షల్లో ఉంటున్నాయి. చాలావాటిని ఎవరూ ఫిర్యాదు చేయకముందే కంప్యూటరే పట్టుకుంటోంది. అపరిచితులకు ఒక్కసారిగా కుప్పలుగా మెసేజ్‌లు పోవడం దానికి తొలి గుర్తు.

నిజానికి వాట్సాప్‌లోనే మంచి దారి ఒకటుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా పెట్టుకోవచ్చు. అయితే మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే ఆ మెసేజ్ చేరుతుంది. దీన్ని ఇబ్బందిగా చూసేవారు దీని విలువ గమనించడం లేదు. మీ నంబరును పేరుపెట్టి దాచుకున్న మనిషి మిమ్మల్ని మళ్లీ వెతుక్కోవాలనుకున్న మనిషి. అలాంటి 256 మంది సిరిసిల్ల చీరల దుకాణానికి ఒక పండుగను దాటించగలరు.

మొహమాటాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు

ఇంకో అభ్యంతరం మన ఊళ్లకే చెందినది. ‘‘ఇక్కడ అందరం ఎరికైనవాళ్లమే. కులసంఘం గ్రూపు, పదో తరగతి దోస్తుల గ్రూపు, కాలనీ గ్రూపు... వాటిల్ల పెడితే ఎవరు ఫిర్యాదు చేస్తరు?’’ నిజమే, చేయరు. పక్కింటి వదినె మీద 1909కు ఎవరూ ఫోన్ చేయరు. అడిగితే ‘‘మంచిగున్నయ్ వదినె, చూస్త’’ అంటారు. తర్వాత ఆ గ్రూపును మ్యూట్‌లో పెడతారు. మూడోసారికి నంబరును బ్లాక్ చేస్తారు. బజార్లో కనబడితే నవ్వుతూనే పలకరిస్తారు. మొహం మీద కాదనలేని మర్యాద మన బలం. ఆ మర్యాదనే సమ్మతిగా లెక్కగట్టుకుని రోజూ పది చీరల ఫొటోలు పెట్టడం దాన్ని దుర్వినియోగం చేయడమే. అమ్మేవారికి తమ గిరాకీ ఎందుకు తగ్గిందో ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ చెప్పరు. పిలవని పేరంటానికి వెళ్తే ఇంటివాళ్లు కూర్చోమనే అంటారు, కానీ మళ్లీ పిలవరు.

అందుకే పెద్ద ఊరి కన్నా చిన్న ఊరిలో అడిగి పంపడం ఎక్కువ అవసరం. హైదరాబాద్‌లో ఒక గిరాకీ పోతే ఇంకొకరు వస్తారు. కోరుట్లలో ఒక వాడకట్టు మొహం తిప్పుకుంటే మళ్లీ తిప్పడానికి ఏళ్లు పడుతుంది. నోరు తెరిచి ‘వద్దు’ అనే అవకాశాన్ని మనమే ముందు ఇవ్వాలి. ‘‘కొత్త డిజైన్లు వచ్చినప్పుడు చెప్పమంటారా? వద్దంటే ఏమనుకోను’’ అన్న ఒక్క వాక్యం ఆ పని చేస్తుంది.

దుబాయ్ నుంచి తమ్ముడు పంపితే?

గల్ఫ్ గిరాకీ మీద ఆశ పెట్టుకున్నవారు ఇక్కడ ఆగి చూసుకోవాలి. కోరుట్ల అక్క పచ్చళ్ల దుకాణానికి దుబాయ్‌లో ఉన్న తమ్ముడు సాయం చేయాలనుకుంటాడు. తన సిమ్ నుంచి తెలుగువాళ్లందరికీ ఫోన్లు కొడతాడు. యూఏఈలో 2024 ఆగస్టు 27 నుంచి టెలిమార్కెటింగ్ మీద కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి. వ్యక్తిగత నంబరు నుంచి ప్రచార కాల్స్ చేయడం అక్కడ నిషేధం, తొలి తప్పుకు 5 వేల దిర్హాంల జరిమానా. అనుమతి ఉన్న కంపెనీలు సైతం పొద్దున 9 నుంచి సాయంత్రం 6 లోపే కాల్ చేయాలి. కూలి డబ్బుల నుంచి ఆ జరిమానా కట్టడమంటే ఎన్ని నెలల కష్టమో అక్కడ పనిచేసేవారికి చెప్పనక్కర్లేదు.

సిరిసిల్ల చీరకు గల్ఫ్ ఒక్కటే కాదు, ఇంకా దూరపు గిరాకీ కూడా ఉంది. సిరిసిల్ల నేతకారుడు వెల్ది హరిప్రసాద్ నేసిన ‘రాజన్న సిరిపట్టు’ చీరలను 2022లో న్యూజిలాండ్‌లో ఆవిష్కరించారు. ఆ దేశంలో 2007 నుంచి అడగని ఎలక్ట్రానిక్ మెసేజ్‌ల మీద చట్టముంది. అమెరికాలో 2003 నాటి క్యాన్‌స్పాం చట్టం ప్రకారం ప్రతి ప్రచార మెయిల్‌లో వ్యాపారి తపాలా చిరునామా, వద్దనే దారి ఉండాలి, వద్దన్నవారిని పది పనిదినాల్లో జాబితా నుంచి తీసేయాలి. కెనడాలో 2014 నుంచి ఉన్న చట్టం ఇంకా కఠినం, ముందు అనుమతి లేనిదే పంపరాదు, సంస్థలకు జరిమానా కోటి డాలర్ల దాకా వెళ్లవచ్చు. దేశాలు ఎన్నయినా సారం దాదాపు ఒకటే. ఎవరు పంపుతున్నారో దాచకూడదు, చాలాచోట్ల అడిగాకే పంపాలి, వద్దంటే ఆపాలి. ఈ మూడూ పాటించే దుకాణానికి ఏ దేశపు చట్టంతోనైనా చిక్కు చాలావరకు తప్పుతుంది.

> ఆన్‌లైన్ దుకాణం పాటించాల్సినవి మరికొన్ని
> 2020 ఈ-కామర్స్ నిబంధనలు: వ్యాపారి పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ముందే టిక్ పెట్టిన గడులతో కొనుగోలు సమ్మతి తీసుకోకూడదు.
> 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాలు 13 రకాల ఆన్‌లైన్ మాయలను నిషేధించాయి. స్టాకు నిండా ఉండగా ‘రెండే చీరలు మిగిలాయి’ అనడం అందులో ఒకటి.
> మరమగ్గం మీద నేసిన పాలిస్టర్‌ను చేనేత అని చెప్పడం తప్పుదోవ పట్టించే ప్రకటన. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జరిమానా రూ.10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా.
> పసుపు, పచ్చళ్లు, పిండివంటలకు ఆహార భద్రతా సంస్థలో నమోదు ఉండాలి.

మరి గిరాకీ ఎట్లా వస్తుంది?

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇది. ‘‘అడిగాకే పంపాలంటే, మేమెవరమో తెలియనివాళ్లను అడిగేదెట్లా?’’ దీనికి జవాబు జగిత్యాల జిల్లాలోనే, కొండగట్టుకు దగ్గర్లోని లంబాడిపల్లిలో ఉంది. 2012లో ఆ ఊరి నుంచి శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ ఎవరి ఇన్‌బాక్స్‌లోకీ తోసుకురాలేదు. ఊరి మాట, ఊరి హాస్యం, అందులో నటించే గంగవ్వ తిట్లు, నవ్వులు చూసి లక్షల మంది తామే సబ్‌స్క్రైబ్ నొక్కారు. ఆ నొక్కడమే సమ్మతి. గంగవ్వ 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది. జనం చూడదగ్గది ఉంటే వాళ్లే వెతుక్కుంటూ వస్తారనడానికి ఇంతకన్నా దగ్గరి రుజువు ఉండదు. వెల్ది హరిప్రసాద్ సంగతీ అంతే. జీ-20 చిహ్నాన్ని స్వయంగా నేసి ప్రధానికి పంపితే 2022 నవంబరు ‘మన్‌కీ బాత్’లో దేశమంతా సిరిసిల్ల పేరు వింది. అగ్గిపెట్టెలో పట్టే చీరతో సిరిసిల్లకే చెందిన నల్ల విజయ్ పేరు తెచ్చుకున్నాడు. పనితనమే కబురైంది.

అందరూ అగ్గిపెట్టెలో చీర పెట్టలేరు, నిజమే. కానీ సాంచా మీద బీము ఎక్కించడం, పోగు తెగితే ముడేయడం, జరీ అంచు పడడం ఎన్నడూ చూడనివారు కోట్లమంది ఉన్నారు. చీరను బెడ్‌షీటు ముందు పెట్టి ధర చెప్పే వీడియోలు వేలున్నాయి. అదే చీర షెడ్డులో పుడుతుండగా చూపే వీడియోలు తక్కువ. కోరుట్ల పసుపు కొమ్ములు కళాయిలో ఉడుకుతుంటే వచ్చే ఆవిరి, చల్‌గల్ మార్కెట్‌లో తెల్లవారుజామున బంగినపల్లి కుప్పలు, ఇవి డబ్బు పెట్టి కొనలేని ప్రకటనలు. డబ్బు పెట్టదలిస్తే ఫేస్‌బుక్, గూగుల్ ప్రకటనలకు పెట్టవచ్చు. ఏ ప్రాంతంవారికి కనబడాలో ఎంచుకోవచ్చు. చూసేవారు నచ్చకపోతే దాటిపోతారు, వారి నంబరు మన చేతికి రాదు. ఇంకొకరి నంబరును దొంగదారిలో సంపాదించడానికీ, దారిన పోయేవారికి బోర్డు కనబడేలా పెట్టడానికీ ఉన్న తేడా ఇదే.

అసలు జాబితా మాత్రం చేత్తో కట్టుకోవాలి. ప్రతి పార్శిల్‌లో ఒక చిన్న చీటీ పెట్టండి. ‘కొత్తవి వచ్చినప్పుడు తెలియాలంటే ఈ నంబరును సేవ్ చేసుకుని ఒక హాయ్ పంపండి’ అని తెలుగులో రాయండి. వేములవాడ, కొండగట్టు, ధర్మపురికి వచ్చే భక్తుల దారిలో ఎవరి దుకాణంలోనైనా మీ చీరలు నాలుగు పెట్టించి, పక్కన క్యూఆర్ కోడ్ అంటించండి. దుకాణంలో ఒక నోటుబుక్ పెట్టి పేరు, నంబరు, ఏం కావాలన్నారు, తేదీ రాయించుకోండి. ఆ పుస్తకం రేపు అధికారి అడిగినా, గిరాకీ అడిగినా చూపించే రుజువు. ఇతరుల గ్రూపులో పెట్టాలంటే అడ్మిన్‌ను అడగండి. వద్దన్నవారి పేరు ఆ రోజే కొట్టేయండి.

ఎన్నిసార్లు పంపాలన్నది సరుకును బట్టి ఉంటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పసుపు తవ్వేది జనవరి నుంచి మార్చి దాకా. ఇంటికి ఏడాదికి సరిపడా ఒకసారి కొంటారు. కనుక కోరుట్ల పసుపు దుకాణానికి ఏడాదికి ఒకటి రెండు మెసేజ్‌లు చాలు. మామిడికి ఏప్రిల్ చివర ఒకటి, కాత ముగిసేముందు ఇంకొకటి. చీరలకు శ్రావణం, బతుకమ్మ, మాఘంలో పెళ్లిళ్లు. మన పంచాంగమే చెబుతుంటే రోజూ మెసేజ్ పంపాలన్న తొందర ఎందుకు? ఏడాదికి నాలుగుసార్లే పలకరించే దుకాణం మాట వినడానికి జనం సిద్ధంగా ఉంటారు.

ఈ దారిలో ఫలితం నెమ్మదిగా వస్తుంది. అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు. ఈ చిక్కును తేలిగ్గా కొట్టేయలేం. డీఎల్‌టీ నమోదు పత్రాలు, రుసుములు కంపెనీల కొలతకు కుట్టినవి. సకినాలు అమ్మే ఒంటరి మహిళ వాటితో కుస్తీ పట్టలేదు. నిబంధన తప్పని కాదు, సాయం చేసే చేయి లేకపోవడమే తప్పు. సిరిసిల్ల, జగిత్యాల జిల్లాల పరిశ్రమల కేంద్రాలు, జౌళిశాఖ, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా, గ్రామీణ మహిళా సంఘాలు రుణాలిచ్చే రోజే ఒక పూట ఈ పాఠం కూడా చెప్పవచ్చు. చేనేత సంఘాలు, మహిళా సమాఖ్యలు ఒక్కటిగా నమోదు చేసుకుంటే పదిమంది సభ్యుల ప్రచారం ఒకే హెడర్ కింద చట్టబద్ధంగా సాగుతుంది. సమ్మతి పత్రం తెలుగు నమూనా ఒకటి తయారుచేసి ప్రతి సంఘానికీ పంచడానికి పెద్ద ఖర్చు కాదు. జిల్లా యంత్రాంగాలు వచ్చే బతుకమ్మలోపు ఈ పని మొదలుపెట్టాలి.

కొత్తగా దుకాణం తెరుస్తున్నవారికి ఒక విన్నపం. ఎవరో ఇచ్చిన నంబర్ల ఫైలు మీ ఫోనులో ఉంటే తుడిచేయండి. ఇప్పటిదాకా మీ దగ్గర కొన్నవాళ్లు పదిమందే అయినా సరే, ఒక్కొక్కరికి ఫోన్ చేసి సరుకు ఎట్లుందో అడగండి, కొత్తది వచ్చినప్పుడు చెప్పమంటారో వద్దంటారో అడిగి రాసుకోండి. కొనేవారికి కూడా ఒక మాట. మీకు తెలిసిన వదినెనో, తమ్ముడో అడగకుండా మెసేజ్‌లు పెడుతుంటే మౌనంగా బ్లాక్ చేయకండి. ఫోన్ చేసి చెప్పండి. సరుకు నచ్చితే ఏడాదికి ఎన్నిసార్లు పంపమంటారో అదీ చెప్పండి.